నక్షాలో లేని నీడ

మెదక్ బస్టాండు వెనక సందులో, ఒక జిరాక్సు షాపు పైన నా ఆఫీసు ఉండేది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఆనించి నిలబెట్టిన కాగితం చుట్టలు. ఇళ్లకు ప్లాన్లు గీయడం, వాటిని అనుమతికి పంపడం, ఇల్లు పూర్తయ్యాక చివరి పత్రం వచ్చేదాకా వెంట తిరగడం నా పని. మా దగ్గర ప్లానును నక్షా అంటారు. అందుకని ఊరంతా నన్ను నక్షా సారు అని పిలిచేది. పోయినేడాది ఆ బల్లను కింది షాపతనికే ఇచ్చేసి ఇంటికొచ్చాను.

డిప్లొమా పూర్తిచేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగుతుంది అని అడుగుతారు. ఆ రెండూ ఇప్పుడు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసినవి వేరే ఉన్నాయి, అవి చాలావరకు నేను చేసిన తప్పుల నుంచి వచ్చాయి. వాటిలో పెద్దదాని గురించి రాయాలని కూర్చున్నాను. దానికంటే ముందు చిన్నవి రెండు.

చూసినవా, విన్నవా

నక్షాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు ఒక దినపత్రికకు మెదక్ నుంచి వార్తలు పంపేవాణ్ణి. జిల్లా డెస్కులో ఒక పెద్దాయన ఉండేవాడు. వార్త అందిన కాసేపటికి ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు: "చూసినవా, విన్నవా?"

ఒకసారి రేగోడ్ వైపు గాలివానకు ఇళ్ల రేకులు లేచిపోయాయని రాసి పంపాను. ఫోన్ మోగింది.

"ఎన్ని ఇండ్లు?"

"శానా ఇండ్లు సార్."

"శానా అంటే నువ్వు పోలేదన్నట్టు. బస్సెక్కు."

ఎక్కాను. వెళ్లి చూస్తే రేకులు లేచింది మూడిళ్లవే. కానీ ఆ మూడింట్లో ఒకదాంట్లో బాలింత ఉంది, పక్కింటివాళ్లు తమ మంచం తెచ్చి ఆమెకు వేశారు. నేను ఇంట్లో కూర్చుని రాసిన వార్తలో ఆ మంచం లేదు. ఆ పెద్దాయన మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా అనలేదు. మర్నాడు జిల్లా పేజీలో ఆ మంచం మాత్రం ఉంది.

అంత నేర్చుకున్నవాణ్ణి నక్షాల బల్ల ముందు కూర్చోగానే మరిచిపోయాను. శివ్వంపేట రైతు ఒకాయన టౌనులో ఇల్లు కట్టుకుంటానంటే, దస్తావేజులో ఉన్న రోడ్డు వెడల్పు చూసి గేటు గీశాను. గేటులోంచి ట్రాక్టర్ హాయిగా పడుతుంది. కానీ గేటుకు ఎదురుగా రోడ్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దస్తావేజులో అది ఉండదు కదా. ఆయన ఇంట్లోకి మారాక నన్ను పిలిచి, మర్యాదగా చాయ్ తాగించి అన్నాడు: "గేటు మస్తుగున్నది సారూ. ట్రాక్టర్‌కే తెలుస్తలేదు ఎట్ల మలగాల్నో."

ఆ గేటు పడగొట్టి జరిపించాను. ఇక స్థలం చూడకుండా గీయనని ఆ రోజు అనుకున్నాను. నిజంగానే చూసేవాణ్ణి. కానీ స్థలం చూడటమంటే నేల చూడటమే అనుకున్నాను. కప్పు సంగతి నా తలలోకి రాలేదు.

సుజాత ఇల్లు

మల్లేశం బస్సు డ్రైవరు. అతని భార్య సుజాత బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మోటారుతో నడిచే మిషన్లు నాలుగు, పనికి వచ్చే ఆడవాళ్లు ముగ్గురు. కిరాయి ఇంటి ముందుగదిలో ఆ నాలుగు మిషన్లూ, వెనక గదిలో కాపురం. మల్లేశం తల్లి బాలమణి కూడా వాళ్లతోనే ఉంటుంది. ఏళ్ల తరబడి కూడబెట్టుకుని, కొంత లోను తీసుకుని, ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు మొదలుపెట్టారు. మేస్త్రీని పెట్టుకుని, సిమెంటు నుంచి మేకుల దాకా తామే కొనుక్కుంటూ కట్టుకున్న ఇల్లది.

ఆ కాలనీ లేఅవుటులో ఒక షరతు ఉంది. ప్రతి ఇంటి కప్పు మీదా సోలార్ పలకలు పెట్టాలి. అవి గోడ గీత దాటి బయటికి రాకూడదు, అనుమతించిన ఎత్తు మించకూడదు, రోజులో ఎక్కువసేపు నీడ పడని చోట ఉండాలి. పలకలు బిగించి, అవి పనిచేస్తున్నాయని చూపించాకే ఇంట్లో ఉండొచ్చన్న పత్రం ఇస్తారు. ఆ పత్రం ఉంటేనే శాశ్వత మీటరు వస్తుంది. మీటరు రాకపోతే సుజాత మిషన్లు తిరగవు.

నాకు ఈ షరతు కొత్త కాదు. అంతకుముందు అలాంటివి చాలా గీశాను. గీశాను అనడం కూడా ఎక్కువే. దక్షిణపు పిట్టగోడ వెంట నాలుగు దీర్ఘచతురస్రాలు పెట్టి, పక్కన సోలార్ అని రాసేవాణ్ణి. ఒక నక్షాలోంచి ఇంకో నక్షాలోకి ఆ నాలుగూ అలాగే దిగిపోయేవి. పలకలు దక్షిణానికి చూడాలని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. నాలుగంతస్తుల ఆసామికి అలా గీసినా నడుస్తుంది, కప్పు మీద ఇంకో చోటు దొరుకుతుంది. చిన్న ఇంటికి నడవదు. అది నాకు సుజాత ఇంటి దగ్గర తెలిసింది.

ఎండాకాలం సగమయ్యేసరికి ఇల్లు సున్నాల దాకా వచ్చింది. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. కిరాయి ఇంటి యజమాని తన బిడ్డ పెళ్లికి ఇల్లు కావాలని, ఆ నెలలోనే ఖాళీ చేయమన్నాడు. బడులు తెరిచే రోజులు దగ్గర పడి, యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా వచ్చి పడుతోంది.

ఒకరోజు మల్లేశం ఫోన్ చేశాడు. "సారూ, సోలార్ పిల్లగాడు వచ్చి చూసి పోయిండు. పెట్టనన్నడు. జర రాండ్రి."

కప్పు మీద

వెళ్లేసరికి పొద్దు పడమటికి వాలింది. దూరంగా ఊళ్లోని చర్చి శిఖరం ఎండలో మెరుస్తోంది. మల్లేశం, సుజాత నన్ను మెట్లెక్కించి కప్పు మీదికి తీసుకెళ్లారు. ఆ కప్పు నేను గీసిందే. దాని మీద నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

నైరుతి మూలలో మెట్ల గది. దాని మీద ఇటుకల దిమ్మ, దిమ్మ మీద నల్లటి నీళ్ల టాంకీ. మా దగ్గర ఏ ఇంటికైనా అంతే. నైరుతి బరువుగా, అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం తేలికగా ఉండాలి. ఇది గీయమని నాకు ఎవరూ చెప్పరు, చెప్పకుండానే గీస్తాను. ఆ మెట్ల గది, దిమ్మ, టాంకీ కలిసి మేడలా లేచి, దాని నీడ దక్షిణపు పిట్టగోడ వెంట పొడుగ్గా పరుచుకుని ఉంది. నేను నాలుగు దీర్ఘచతురస్రాలు గీసిన చోటు సరిగ్గా అదే.

"పగటి రెండు దాటిందంటే గీడ నీడే," అన్నాడు మల్లేశం. "ఒక్క పలక మీద నీడ పడ్డా మిగిలినయి గూడ సరిగ పనిచెయ్యవన్నడు. గట్ల బిగిస్తే పరీక్షల పాస్ కాదు, నేను సంతకం పెట్ట అని పోయిండు."

"ఈశాన్యం వైపు ఖాళీగా ఉంది కదా," అన్నాను. ఆ మాట అంటూనే దాని గతేమిటో నాకు తెలుసు.

కప్పుకు ఆ చివర ఒక పాత చీర పరిచి, బాలమణి మామిడి ఒరుగులు తిరగేస్తోంది. తల ఎత్తకుండానే అంది: "ఈశాన్యం మీద ఇనుము పెడ్తరా? నేనుండంగ పెట్టనియ్య."

"మరి టాంకీ అన్న జరుపుదం అవ్వా," అన్నాడు మల్లేశం.

"టాంకీ జరిపి ఏడ పెడ్తవురా? ఆగ్నేయంలనా? ఇంగ గా ఇంట్ల నువ్వే ఉండు, నీ బస్సు తెచ్చుకొని."

సుజాత పిట్టగోడకు ఆనుకుని నిలబడి, నన్ను చూసి అడిగింది: "సారూ, మీరు గీసినప్పుడు గీ టాంకీ ఉన్నది గద?"

ఉంది. రెండూ నేనే గీశాను, ఒకే కాగితం మీద. అటు టాంకీ, ఇటు పలకలు. మధ్యలో సూర్యుడు ఉంటాడని నాకు తట్టలేదు. ఆ మాటే ఆమెతో చెప్పాను. తప్పు నాదని ఇంటివాళ్ల ముందు ఒప్పుకోవడం ఈ వృత్తిలో చాలామంది చేయరు. మేస్త్రీ మీదికో, ఆఫీసు మీదికో తోసేస్తారు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఒప్పుకుంటే ఒక పూట సిగ్గు, అంతే. ఆ తర్వాత అందరూ కలిసి పని చూసుకోవచ్చు.

"మంచిగుంది," అంది సుజాత. "తప్పెవలిదో తేలింది. ఇప్పుడు మిషన్లు ఏడ పెట్టాలె?"



ముగ్గు గీతలు

దిగిపోబోతూ బాలమణి దగ్గర ఆగాను. ఆమె ఒరుగుల చీరను రెండు చేతులా పట్టుకుని తూర్పు వైపుకు లాగుతోంది.

"ఎందుకమ్మా జరుపుతున్నారు?"

"నీడొస్తుంది గద. పొద్దుగాల ఆడ ఏసిన. పగటీలి గీడికి గుంజిన. ఇగ ఇప్పుడు మూడోపారి." చీర సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది. "గిది ఎండకాలం నీడ. చలికాలంల ఇట్లుండదు. స్లాబు ఏసినంక పుష్యంల కందులు ఎండవోసిన. అప్పుడు నీడ గిట్ల మూలకు మలిగి ఈశాన్యం దాంక ఒచ్చింది."

ఈశాన్యం కూడా పనికిరాదన్నమాట. వాస్తు అడ్డు రాకపోయినా, చలికాలంలో అక్కడా నీడే.

"ఈ సంగతి ముందే చెప్పాల్సింది కదమ్మా."

"పంతులు చెప్పింది ఇన్నరు. మీరు గీసింది ఇన్నరు. నన్నెవలడిగిన్రు?"

మల్లేశం నేల చూశాడు. సుజాత మొదటిసారి నవ్వింది.

ఆ రాత్రి ఇంట్లో లెక్కలు కట్టి నీడ గీయొచ్చు. దానికి పద్ధతులున్నాయి. కానీ నాకు ఆ డెస్కు పెద్దాయన ఫోన్ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి, బాలమణిని ఒక్కటే అడిగాను: ఈ రోజు నీడ ఎక్కడెక్కడికి వస్తుందో ముగ్గుతో గీసి చూపిస్తారా అని. ఆమెకు అది వింతగా అనిపించలేదు. ముగ్గు డబ్బా తెచ్చుకుంది. గంటగంటకూ లేచి, నీడ అంచు వెంట వేళ్ల సందుల్లోంచి ముగ్గు వదులుతూ నడిచింది. ఆమె గీత వంకర పోలేదు. ఆ తర్వాత వేరే పిండితో, పసుపు కలిపి, చలికాలం నీడ ఎంతదాకా వచ్చిందో గుర్తుచేసుకుంటూ ఇంకో గీత గీసింది. కందులు ఎక్కడ పోసిందో, ఏ పూట ఎక్కడికి గుంజిందో ఆమెకు అడుగు తేడా లేకుండా గుర్తుంది. నేను ఆఫీసుకు వెళ్లి లెక్కతో సరిచూస్తే పసుపు గీత చాలా దగ్గరగా వచ్చింది.

సాయంత్రానికి కప్పంతా తెల్లగా, పచ్చగా గీతలు. నీడ తగలని చోటు మిగిలిందా అని చూస్తే, నాలుగు పలకలకు సరిపడా ఒక్కచోటా లేదు.

మల్లేశం గీతల మధ్య గొంతుక్కూర్చున్నాడు. "అయిపాయె. శ్రావణం లేదు, భాద్రపదం లేదు."

బాలమణి ముగ్గు డబ్బా మూత పెడుతూ అంది: "నీడ పడేది కింద. నీడ ఏసేటిదాని మీద ఎట్ల పడ్తది?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గడ్డం ఎత్తి టాంకీని చూపించింది.

"దాని మీదనే పెట్టరాదు? అదెట్లా నైరుతే. ఎత్తైతే ఇంకా మంచిదేనాయె. టాంకీకి నీడ గూడ అయితది. ఎండకాలం నల్లా ఇప్పితే చేతులు కాల్తున్నయి."

టాంకీ దిగింది

ఆ ఆలోచనను నక్షాలోకి తేవడానికి మూడు రోజులు పట్టింది. ఇంటి మొత్తంలో నీడ పడని చోటు ఒకటే, నీడ వేస్తున్న ఆ మెట్ల గది పైకప్పు. నాలుగు పలకలు దాని మీద గోడ గీత దాటకుండా సరిపోతాయి. ఎత్తు ఒక్కటే చిక్కు. టాంకీ మీద పలకలు పెడితే షరతు దాటిపోతుంది. అందుకని ఇటుకల దిమ్మ తీసేసి, టాంకీని మెట్ల గది స్లాబు మీదికే దింపాలి. దిమ్మ పోయినంత ఎత్తు పలకలకు దొరుకుతుంది. నిలువు టాంకీ బదులు పొట్టిది, వెడల్పుది పెడితే, మూత తీసి కడగడానికి మనిషి వంగేంత సందు కూడా మిగులుతుంది. గాలికి ఇనుప చట్రం ఆగాలి కాబట్టి, దాని కాళ్లు స్లాబు మధ్యలో కాకుండా నాలుగు పిల్లర్ల మీద నిలిచేలా మార్చాను. ఇది నా చదువుకు మించిన విషయం. తెలిసిన ఇంజనీరుకు చూపించి, ఆయన సంతకం తీసుకున్నాకే ముందుకెళ్లాను. తెలియని చోట ఆగి అడగడం కూడా పనిలో భాగమే.

చట్రానికి అదనంగా ఖర్చవుతుంది. టాంకీ మార్చడానికీ అవుతుంది. నా ఫీజులోంచి కొంత వదులుకున్నాను, అది నా తప్పుకు పడాల్సిందే. మిగతాది ఎక్కడి నుంచి తేవాలన్నది వాళ్లింటి పంచాయతీ. నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మల్లేశానికి ఇంటి ముందు గోడ మీద ఆశ. రంగు రాళ్ల టైల్సు, మధ్యలో కమాను, దాని కింద లైట్లు. బస్సు నడుపుతూ నర్సాపూర్ రోడ్డులో ఏ ఇంటి ముందుభాగం చూసినా దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాడు.

"గదొక్కటి నాకోసం ఉంచు," అన్నాడు భార్యతో.

"ముందర గోడను రోడ్డు మీద పోయేటోళ్లు చూస్తరు," అంది సుజాత. "ఇంట్ల ఉండేది మనం. మిషన్లు తిరిగితే మల్ల ఏడాదికి నీ కమాను నేనే పెట్టిస్త. తిరగకుంటే కమాను కింద కూసోని ఏం జేస్తవు, టికెట్లు కొడ్తవా?"

"డ్రైవర్ టికెట్లు కొట్టడు," అన్నాడు మల్లేశం. గోడకు మామూలు సున్నం వేశారు.

ఈ వృత్తిలో నా గట్టి అభిప్రాయం ఒకటి ఇక్కడే చెబుతాను. తక్కువ డబ్బుతో కట్టుకునేవాళ్లు సోలార్ షరతును చివర్లో తగిలే శిక్షలా చూస్తారు. తప్పు వాళ్లది కాదు, మనది. మొదటి రోజే, పునాదికి ముందే, టాంకీ ఎక్కడ, మెట్లు ఎక్కడ, నీడ ఎటు అని కూర్చుని మాట్లాడితే, అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అన్నీ అయ్యాక మాట్లాడితే ఎవరో ఒకరి కమాను పోతుంది.

గీసినవారు

సవరించిన నక్షాతో పాటు నీడల పటం ఒకటి జతచేయాలనుకున్నాను. కప్పు మీది ముగ్గు గీతలన్నీ కొలిచి, కాగితం మీద అలాగే ఎక్కించాను. ప్రతి నక్షాకూ కింద కుడి మూలలో ఒక చిన్న గడి ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు అని అందులో రెండు పేర్లు రాయాలి. ఎప్పుడూ రెంటిలోనూ నా పేరే రాసేవాణ్ణి. ఈసారి గీసినవారు అన్నచోట బాలమణి అని రాశాను. సరిచూసినవారు అన్నచోట నా పేరు.

ఫైలు చూసిన అధికారి చిన్న వయసు ఆవిడ. కాగితాలు ఓపిగ్గా తిప్పింది. పటం దగ్గర ఆగింది.

"ఈ బాలమణి ఎవరండీ? లైసెన్సు నంబరు రాయలేదు."

"ఇంటి యజమాని తల్లి మేడం. లైసెన్సు లేదు. ఒరుగులు ఎండబెడుతుంది."

ఆవిడ నవ్వుతుందో, ఫైలు వెనక్కి ఇస్తుందో తెలియక నిలబడ్డాను. రెండూ చేయలేదు. "నేనొచ్చి చూస్తాను," అంది. మూడో రోజు వచ్చింది. అప్పటికి ఇంకా వాన పడలేదు, గీతలు కొంచెం చెదిరినా కనిపిస్తున్నాయి. ఆవిడ పటం చేతిలో పట్టుకుని, ఒక్కో గీత వెంట నడుస్తూ, గడియారం చూసుకుంటూ, నీడ వచ్చి ఆ గంట గీతను తాకేదాకా కప్పు మీదే ఉంది. తర్వాత బాలమణిని అడిగింది: "పసుపుదేంటమ్మా?"

"అది చలికాలంది బిడ్డా. నువ్వు పుష్యంల రా, సూపిస్త."

సవరణ మంజూరైంది. మేస్త్రీ దిమ్మ తీసి టాంకీని దింపాడు, చట్రం నిలబడింది. సోలార్ కుర్రాడు వచ్చి పలకలు బిగించి, పరీక్ష చూసి సంతకం పెట్టాడు. ఆషాఢం చివర్లో పత్రం వచ్చింది. మీటరు దాని వెనకే వచ్చింది. శ్రావణంలో పాలు పొంగించిన పొద్దున, ముందుగదిలో పూజ అవుతుండగానే పక్కగదిలో నాలుగు మిషన్లకూ సుజాత పసుపు కుంకుమ పెట్టింది.

భోజనాలయ్యాక బాలమణి నన్ను నల్లా దగ్గరికి పిలిచింది. ఆ రోజు ఎండ గట్టిగానే ఉంది. "చెయ్యి పెట్టి చూడుండ్రి," అంది. పెట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఇవ్వాల్సిన కాగితాలన్నీ సంచీలో తెచ్చాను. పత్రం, నక్షా, నీడల పటం నకలు. పటం చూపించి, ఆమె పేరు ఎక్కడుందో వేలు పెట్టి చెప్పాను. బాలమణికి చదువు రాదు. సుజాత పక్కనే కూర్చుని, గడిలో ఉన్నదంతా పైకి చదివింది. గీసినవారు, బాలమణి.

ఆమె కాగితాన్ని దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుని చూసింది.

"గింత పెద్ద కాయితం," అంది. "నా పేరు గింత చిన్నగ రాసిన్రేంది సారూ?"